స్త్రీ వైద్య శిక్షణకు మొదటి అభ్యర్థి

"బోధన్ తాలూకాలో ఇకమీదట ఏ స్త్రీయూ ప్రసవవేదనలో దిక్కులేనిదై మరణింపబోదు" అని వకీలు ఆత్మారాం పంతులుగారు 1938 ఎండాకాలంలో నిజామాబాద్ కచేరీ ఎదుట ప్రకటించారు. ఆయన గొంతులో ఎంత బలం ఉందంటే, ఆ మాట వినగానే అక్కడున్న వాళ్లందరికీ ఆ పని అయిపోయినట్టే అనిపించింది. కొందరు చప్పట్లు కొట్టి ఇళ్లకు కూడా వెళ్లిపోయారు.

నేను ఆ కచేరీ గోడ పక్కన స్టాంపు కాగితాలు అమ్ముకునేవాణ్ణి. సభకు నేను వెళ్లలేదు. నేను కూర్చున్న చోటికే సభ వచ్చింది. కమిటీకి ముగ్గురు మెంబర్లు కావాలని అప్పటికప్పుడు తేలింది. పంతులుగారు ప్రెసిడెంటు. పసుపు వ్యాపారి బాలనర్సయ్య రెండో మెంబరు. మూడో మనిషి కోసం పంతులుగారు నలువైపులా చూస్తే, లేచి పారిపోకుండా కూర్చున్నవాడు నేనొక్కణ్ణే కనిపించాను. నిజామాబాద్ జిల్లా స్త్రీ వైద్య విద్యా ప్రచార సంఘంలో నేను మెంబరునైన విధం ఇదీ.

బాలనర్సయ్యగారు మితభాషి. ఏ విషయం మీద అభిప్రాయం అడిగినా "నాది గూడ గదే" అంటారు. ఒకసారి పంతులుగారు ఇంకా నోరు తెరవకముందే అనేశారు. అంతటి నమ్మకం ఇప్పటి మెంబర్లలో కనిపించదు.

సంఘం పెట్టవలసిన అవసరం నిజంగానే ఉంది. కాలువ వచ్చింది, కాలువ వెంట చెరకు వచ్చింది, చెరకు వెంట బోధన్‌కు చక్కెర కార్ఖానా వచ్చింది. పని కోసం కూలీలు వచ్చి గుడిసెలు వేసుకున్నారు. వాళ్ల భార్యలు వచ్చారు, దోమలు వచ్చాయి, చలిజ్వరాలు వచ్చాయి. ఆడవాళ్లను చూసే డాక్టరమ్మ మాత్రం రాలేదు. అందుకని పేద రైతు కుటుంబం నుంచి ఒక ఆడపిల్లను ఎంచి, హైదరాబాద్‌లో ఆడవాళ్లకే ప్రత్యేకమైన జనానా దవాఖానకు పంపి, కాన్పులు చేయడం నేర్పించి తీసుకురావాలని సంఘం సంకల్పం. "విద్యలో సమానత్వం, వైద్యంలో సమానత్వం" అని పంతులుగారు రోజూ రెండు పూటలా అనేవారు. భోజనానికి ముందు అనేవారని వాళ్ల ఇంటివాళ్లు చెప్పారు.

ఎంపిక పంతులుగారి ఇంటి అరుగు మీద జరిగింది. ఆయనా బాలనర్సయ్యగారూ కుర్చీల్లో కూర్చున్నారు. నేను స్తంభానికి ఆనుకున్నాను. వచ్చిన అభ్యర్థి ఒక్కతే. చందూర్ పక్క పల్లె నుంచి ఎర్రన్న అనే రైతు తన కూతురు తారాబాయిని వెంటబెట్టుకుని వచ్చాడు. పదిహేడు పద్దెనిమిదేళ్ల పిల్ల. బెదరకుండా నిలబడింది.

"ఎందుకొచ్చినవమ్మా?" అన్నారు పంతులుగారు.

"మా అక్క కాన్పుల సచ్చిపోయింది. బండిల ఏస్కొని నిజామాబాద్ తెస్తుంటే వర్ని దాటినంక పానం పోయింది. బండిల నేనే ఉన్న. ఏం జెయ్యాల్నో నాకు తెల్వలే. గది నేర్చుకుంటనని వచ్చిన."

పంతులుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. అవి తుడవడం అయిపోగానే విచారణ మొదలుపెట్టారు.

"చదువొస్తదా?"

"తెలుగు చదువుత, రాస్త."

"ఉర్దూ?"

"రాదు."

"అక్కడ పాఠాలు ఉర్దూల జెప్తరు గదా."

"పిల్లలు పుట్టేది ఉర్దూల గాదు గదా, వకీల్ సాబ్."

"ప్రశ్న మంచిదే. కానీ ప్రశ్నలడిగేది కమిటీ" అని పంతులుగారు మర్యాదగా గుర్తుచేశారు. "పెండ్లయిందా?"

"కాలే."

"పెండ్లి గాని పిల్ల కాన్పులు జూసుడు మంచిగుంటదా?"

ఎర్రన్న గొంతు సవరించుకున్నాడు. "అట్లయితే పెండ్లయినోళ్లనే పంపుండ్రి సాబ్. ఎవలో ఒకలు నేర్చుకోని వస్తే మాకదే సాలు."

"పెండ్లయినోళ్లను మొగడు పంపడు."

"మొగడు లేనోళ్లను?"

"శుభమా అని పిల్ల పుడ్తుంటే ముండమోసినామె ఎదురొస్తే ఎట్ల?" అన్నారు పంతులుగారు.

"నాది గూడ గదే" అన్నారు బాలనర్సయ్యగారు.

పంతులుగారు కళ్లు మూసుకుని ఆలోచనలో పడ్డారు. పెద్దవాళ్లు ఆలోచించేటప్పుడు చూడటం ఒక భాగ్యం. అభ్యర్థికి ఉర్దూ రావాలి, పెళ్లయి ఉండాలి, కట్టుకున్న మనిషి అడ్డు చెప్పకూడదు. ఈ షరతులన్నీ ఒకేచోట ఉన్న మనిషి జిల్లాలో ఎక్కడ దొరుకుతుందా అని నాకూ దిగులేసింది. ఆయన కళ్లు తెరిచారు.

"తుకారాం ఉన్నడు."

తుకారాం పంతులుగారి బావమరిది. ఆ సమయానికి లోపల మజ్జిగ తాగుతున్నాడు. ఉర్దూ మిడిల్ పరీక్ష తప్పాడు గానీ చదవడం బాగానే వచ్చు. పెళ్లయింది. అతన్ని ఎక్కడికి పంపినా అతని భార్య అడ్డు చెప్పదు. ఇంకా త్వరగా పంపితే బాగుండునని ఆమె అభిప్రాయం.

"సాబ్, ఆయన మొగమనిషి" అన్నాడు ఎర్రన్న.

"అదే నేను జెప్పేది. ఇన్ని వేల యేండ్ల నుంచి కాన్పుల పనిల మొగోళ్లకు అన్యాయం జరుగుతున్నది. ఒక్కడన్న అడిగిండా? సమానత్వమంటే ఒక్క దిక్కే జూసుడు గాదు ఎర్రన్నా."

తుకారాం పేరుకు బాలనర్సయ్యగారు చెయ్యెత్తారు, నేను కూడా ఎత్తాను. ఎత్తకపోతే స్తంభానికి ఆనుకున్న చెయ్యి కాస్త తిమ్మిరెక్కేలా ఉంది. తారాబాయి మమ్మల్ని ముగ్గురినీ వరసగా చూసి, తండ్రితో "పోదాం బాపు" అంది.

తుకారాం హైదరాబాద్ వెళ్లాడు. జనానా దవాఖాన గేటు దగ్గర చౌకీదారు ఆపాడు. లోపలికి మగవాళ్లు రాకూడదన్నాడు. తాను కాన్పులు నేర్చుకోవడానికి వచ్చానని తుకారాం చెబితే చౌకీదారు ఇంకో చౌకీదారును పిలిచి ఆ మాట మళ్లీ చెప్పించుకున్నాడు. తుకారాం మంచివాడు, పట్టుదల కలవాడు. వెనక్కి రాలేదు. రోజూ పొద్దున్నే పోయి గేటు ఎదురుగా చాయ్ దుకాణంలో కూర్చునేవాడు. లోపల పిల్ల ఏడిస్తే "ఒకటైంది" అనుకునేవాడు. చార్మినార్ దగ్గర పాత పుస్తకాల అంగట్లో కాన్పుల మీద ఉర్దూ పుస్తకం ఒకటి కొని ఆ చాయ్ దుకాణంలోనే మొదటి నుంచి చివరి దాకా చదివాడు. అర్థం కాని మాటలు చాయ్ దుకాణం యజమానిని అడిగేవాడు. ఆయనకు తెలియకపోతే చాయ్ తాగడానికి వచ్చినవాళ్లను అడిగేవాడు. హైదరాబాద్‌లో వైద్యవిద్య ఎంత విస్తృతంగా వ్యాపించి ఉందో దీన్ని బట్టి తెలుస్తుంది.

మరుసటి ఏడు అతను తిరిగి రాగానే సంఘం తరఫున పంతులుగారే యోగ్యతాపత్రం ఇచ్చారు. బోధన్‌లో కూలీల గుడిసెలకు దగ్గరగా ఒక పెంకుటిల్లు తీసుకుని ప్రసూతి గృహం తెరిచారు. రెండు మంచాలు, ఒక బల్ల, మధ్యలో ఒక పరదా. పంతులుగారు రిబ్బను కత్తిరించి, "ఈ గడప తొక్కునప్పుడు రాణి యని లేదు, కూలి యని లేదు, అందరూ సమానులే" అన్నారు. ఆ మాట అక్షరాలా నిజమైంది. రాణులూ రాలేదు, కూలీలూ రాలేదు.

లోపల మగవాడున్నాడని తెలిసి ఆడవాళ్లు ఆ వీధి వదిలి చుట్టూ తిరిగి పోయేవారు. చివరికి ఒకనాడు కొమురయ్య అనే కూలీ తన భార్య ఈరవ్వను తీసుకొచ్చాడు. ఆమెకు నొప్పులు మొదలయ్యాయి. ఆమె పరదాకు ఆవల మంచం మీద పడుకుంది. తుకారాం ఈవల బల్ల దగ్గర పుస్తకం తెరిచి కూర్చున్నాడు. కొమురయ్య నడుమ అటూ ఇటూ తిరుగుతున్నాడు. బోధన్‌కు పని మీద వెళ్లిన నేను ఒక మెంబరుగా అక్కడ హాజరై ఉన్నాను.

"నొప్పి ఏడున్నదో అడుగు" అన్నాడు తుకారాం.

కొమురయ్య లోపలికి పోయి వచ్చాడు. "చెప్పిందన్నా. నీకు మాత్రం చెప్పద్దన్నది."

"ఎన్నో నెల?"

మళ్లీ పోయి వచ్చాడు. "నొప్పులొచ్చినంక నెలలడుగుతవేందని తిడుతున్నది."

"నన్నా, నిన్నా?"

"ఇద్దర్ని."

తుకారాం పేజీ తిప్పి, ఆమెను దీర్ఘంగా ఊపిరి తీసుకోమని చెప్పమన్నాడు. ఆ మాట మోసుకుపోయేలోగా కొమురయ్యకే ఊపిరి అందకుండా పోయింది. ఇంతలో పక్క గుడిసె ముసలమ్మలు ఇద్దరు వచ్చి, ఈరవ్వను చెరో రెక్క పట్టుకుని ఇంటికి తీసుకుపోయారు. ఆమె అక్కడే కన్నది. తల్లీ పిల్లా బాగున్నారు. ప్రసూతి గృహం సలహాతో జరిగిన మొదటి కాన్పుగా పంతులుగారు దాన్ని పత్రికకు తెలియజేశారు.

తుకారాం మాత్రం ఆ సాయంత్రం అన్నం తినలేదు. మర్నాడు నిజామాబాద్ వచ్చి, "బావా, పరదా అవతల ఒక ఆడమనిషి లేకుంటే నాతోని గాదు" అన్నాడు. పంతులుగారికి ఆ సూచన నచ్చింది. తన మనసులో ఎప్పటినుంచో ఉన్న మాటే అన్నారు. అప్పుడు తుకారామే చందూర్ దిక్కు వెళ్లి ఎర్రన్న ఇల్లు వెతుక్కుని తారాబాయిని అడిగాడు. ఆమె ఏ పని అని కూడా అడగలేదు. "పరదా లోపట ఉంటనా, బయట ఉంటనా?" అని మాత్రం అడిగింది. లోపల అనగానే మూట కట్టుకుంది. సంఘం ఆమెకు ఇచ్చిన హోదా పరదా చూసుకునే మనిషి.

ఆ తర్వాత ప్రసూతి గృహం నడిచిన తీరు నేను చాలాసార్లు చూశాను. తుకారాం బయట కూర్చుని ఉర్దూ చదివి తెలుగులో చెప్పేవాడు. తారాబాయి లోపల విని చేసేది.

"చేతులు సబ్బువెట్టి కడుక్కోవాలె" అని వినిపించేది బయటి నుంచి.

"అయింది. తర్వాత?"

"మళ్ల కడుక్కోవాలె."

"మళ్ల ఎందుకు?"

"రెండుసార్లు రాసిండు. అచ్చు తప్పో ఏమో తెల్వదు. కడుగు."

ఒకసారి తుకారాం నాలుగో అధ్యాయంలో ఉండగానే పిల్ల ఏడుపు వినిపించింది. "అప్పుడే ఎట్ల పుడ్తది, ఇంకో అధ్యాయం ఉన్నది" అన్నాడు కంగారుగా. తారాబాయి లోపల నవ్వింది. కన్నతల్లి కూడా నవ్వింది. ఆ నవ్వు గుడిసెల దాకా పోయింది. ఆడవాళ్లు ఒకరొకరే రావడం మొదలైంది. పని లేనప్పుడు తుకారాం మళ్లీ మొదటి పేజీ నుంచి చదివేవాడు, ఆమె పరదా అవతల గోడకు ఆనుకుని మళ్లీ వినేది. తెలియనిచోట ఇద్దరూ వాదులాడుకునేవారు. ఒకరి మొహం ఒకరికి కనిపించకుండానే ఇద్దరూ కొంత కొంత నేర్చుకున్నారు.

ఆ చలికాలం రంజాల్ దిక్కు నుంచి నొప్పులు పడుతున్న చిన్న వయసు గర్భిణిని ఒకామెను బండిలో తెచ్చారు. బిడ్డ అడ్డం తిరిగి ఉంది. తారాబాయి "చెయ్యి తగుల్తున్నది అన్నా, తల గాదు, చదువు" అంది. తుకారాం గబగబా పేజీలు తిప్పాడు. ఆ అధ్యాయం చివర ఒకటే వాక్యం ఉంది. అతను దాన్ని మెల్లగా చదివాడు. "ఇటువంటి స్థితిలో ఆలస్యం చేయక, అనుభవం గల డాక్టరును పిలవాలె."

"ఏడున్నడు?" అంది తారాబాయి లోపలి నుంచి.

చెరకు దించి పోతున్న లారీని తుకారాం దారికి అడ్డం నిలబడి ఆపాడు. నిజామాబాద్ దవాఖానకు చేర్చితే తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు. తిరిగొచ్చాక తారాబాయి పరదా పక్కకు జరిపి, ఆ ఇంట్లో మొదటిసారి తుకారాం ఎదురుగా నిలబడింది.

"అన్నా, నీ పుస్తకం గీడిదాక్నే జెప్తది. అవతలిది చేతులకు ఎవలన్న నేర్పాలె. నేను పోయి నేర్చుకోవాలె."

"నాకు ఎరుకే" అన్నాడు తుకారాం. "నేను గేటు కాడ్నే కూసున్న."

ఈ మాట అంతకుముందు అతను ఎవరికీ చెప్పలేదు. పంతులుగారికి చెప్పాడు గానీ ఆయన విన్నట్టు రికార్డు లేదు.

హైదరాబాద్ నుంచి డాక్టర్ సుగుణమ్మగారు జిల్లా దవాఖానలు చూడటానికి వచ్చింది అప్పుడే. పంతులుగారు ఆమెను బోధన్ తీసుకెళ్లి, పెంకుటిల్లు, మంచాలు, యోగ్యతాపత్రం అన్నీ చూపించారు. ఆమె అన్నీ చూసి, "కాన్పులు చేసేదెవరు?" అంది.

"మా తుకారాం."

తుకారాం లేచి నిలబడి, "నేను చదువుతానమ్మా. చేసేది తారాబాయి" అన్నాడు.

డాక్టరమ్మ లోపలికి వెళ్లి తారాబాయితో చాలాసేపు మాట్లాడింది. బయటికి వచ్చి పంతులుగారితో నేరుగా చెప్పింది. "ఈ అమ్మాయికి వచ్చింది కొంచెం, రానిది చాలా ఉంది. ఇట్లాగే వదిలేస్తే ఎవరో ఒకరి ప్రాణం పోతుంది. నాతో పంపండి. మా దగ్గర తరగతి ఉంది. ఉర్దూ రాకపోతే నేను తెలుగులో చెప్తాను."

పంతులుగారు ఆలోచించి చెబుతామన్నారు. ఆ సాయంత్రమే ప్రసూతి గృహంలో కమిటీ కూర్చుంది. తారాబాయి గడప దగ్గర నిలబడి వింటోంది.

"డాక్టరమ్మ జెప్పింది మంచి మాటే" అని మొదలుపెట్టారు పంతులుగారు. "కానీ తారాబాయి పోతే ఈడ కాన్పులు ఎవరు జేస్తరు? ఆమె లేంది దవాఖాన నడవదు. నడవని దవాఖాన పెట్టుకోని సంఘం ఏం జెయ్యాలె? కాబట్టి పని వచ్చినామెను పంపే వీలు లేదు. పని రానోళ్లనే నేర్చుకోను పంపాలె. అదే న్యాయం."

"మరి ఎవరిని పంపుదాం?" అన్నాను నేను.

"తుకారాం తమ్ముడున్నడు గదా. ఖాళీగున్నడు."

"నాది గూడ గదే" అన్నారు బాలనర్సయ్యగారు. నేను చెయ్యెత్తాలా వద్దా అని ఆలోచిస్తుండగానే తీర్మానం నెగ్గింది.

"మా అక్క పోయిననాడు మీరు గీ బల్ల ఏసుకోని కూసుండలే" అంది తారాబాయి గడప దగ్గరి నుంచి. కోపంగా అనలేదు. "ఇప్పుడు కూసున్నరు. అయినా నేను జేసేదేందో నాకు సక్కగ తెల్వదు. తెల్వకుంట ఎవల కడుపు మీద చెయ్యి వెట్టను."

అని వెళ్లిపోయింది.

ఆ రాత్రే తుకారాంతో సహా మేమంతా నిజామాబాద్ తిరిగొచ్చాం. మర్నాడు పొద్దున పంతులుగారికి రెండు సంగతులు తెలిశాయి. తారాబాయి తండ్రితో కలిసి హైదరాబాద్ బండికి పోతోందన్నది ఒకటి. డాక్టర్ సుగుణమ్మగారి మాటకు పెద్ద పెద్ద సర్కారు హాకిములు లేచి నిలబడతారన్నది రెండోది. ఈ రెండోది ఆయన్ను బాగా కదిలించింది. దూరదృష్టి గలవాళ్లు అభిప్రాయం మార్చుకోవడానికి సిగ్గుపడరు. వెంటనే ఒక బంతిపూల దండ, నాందేడ్ నుంచి ఏదో పెళ్లికి వచ్చి ఉన్న ఫోటోగ్రాఫరు, కమిటీ మెంబర్లం, తుకారాం, అందరం టాంగాలెక్కి నిజామాబాద్ స్టేషనుకు చేరాం. అభ్యర్థినిని సంఘమే సాగనంపుతున్నట్టు ఒక ఫోటో పత్రికకు వెళ్లాలని పంతులుగారి ఆదేశం.

మేం ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసరికి బండి చివరి డబ్బా సిగ్నలు దాటుతోంది. ఎర్రన్న ఒక్కడే నిలబడి అటే చూస్తున్నాడు. కళ్లు తుడుచుకుంటున్నాడు గానీ మొహం వెలిగిపోతోంది.

"పోయిందా?" అన్నారు పంతులుగారు.

"పోయింది సాబ్. డాక్టరమ్మ పక్కన్నే కూసోవెట్టుకున్నది."

ఫోటోగ్రాఫరు మూడుకాళ్ల పెట్టె అప్పటికే నిలబెట్టేశాడు. మధ్యాహ్నం బండికి తను నాందేడ్ పోవాలని, మళ్లీ దసరా దాకా రానని చెప్పాడు. పంతులుగారు దండ చేత్తో పట్టుకుని మమ్మల్నందర్నీ ఒకసారి చూశారు. నన్ను చూశారు. నా పొట్ట చూశారు. తుకారాం మీద ఆయన చూపు ఆగింది. తుకారాం సన్నగా, కాస్త వంగి ఉంటాడు.

"బావా, నేనా?" అన్నాడు తుకారాం.

"ఈ సంఘం శిక్షణకు పంపిన మొదటి అభ్యర్థివి నువ్వే గదా. అబద్ధమేమున్నది ఇందుల?"

పంతులుగారు తన భుజం మీది జరీ కండువా తీసి స్వయంగా అతని తల మీదుగా గడ్డం దాకా దింపారు. మీద దండ వేశారు. పక్కన తండ్రి నిలబడితే బాగుంటుందని ఎర్రన్నను పిలిచారు.

ఎర్రన్న దగ్గరికి వచ్చి కండువా లోపలికి తొంగిచూశాడు.

"గీ బిడ్డకు మీసాలున్నయి సాబ్."

"ముసుగున్నది గదా."

"నా బిడ్డ బండెక్కింది" అన్నాడు ఎర్రన్న నెమ్మదిగా. "నేను పోత. చెరుకుకు నీళ్లు వెట్టాలె."

అతను వెళ్లిపోయాడు. తండ్రి స్థానంలో బాలనర్సయ్యగారు నిలబడ్డారు. ఫోటో చాలా బాగా వచ్చింది. పత్రికలో వేశారు. 'పేద రైతు బిడ్డను వైద్యవిద్యకు సాగనంపుచున్న ప్రముఖులు' అని కింద రాశారు. అభ్యర్థిని వినయం చూసి చాలామంది మెచ్చుకున్నారు.

పంతులుగారు ఆ ఫోటోకు అద్దం కట్టించి ప్రసూతి గృహం గోడకు వేలాడదీయించారు. ఆ తర్వాత ఒకసారి నేను బోధన్ వెళ్లినప్పుడు చూశాను. తుకారాం దాని కిందే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పరదా తీసేశారు, అవతల ఎవరూ లేరు. నెలలు నిండిన ఒకామె గడప దగ్గర ఆగి, అతన్ని చూడలేదు, ఫోటోను చూసింది.

"కాన్పులు జేసే అమ్మ ఈమెనా?"

"ఆఁ" అన్నాడు తుకారాం.

"ఎప్పుడొస్తది?"

"నేర్చుకునుడు అయినంక వస్తది."

ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని, మెల్లగా గడప మీద కూర్చుంది.